స్కోప్ బిగించాక గురి నిలవడం లేదా? రైఫిల్ స్కోప్ మౌంటింగ్, అలైన్‌మెంట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

రేంజ్‌లో ఎవరైనా రైఫిల్ పక్కన పెట్టి దిగులుగా కూర్చున్నారంటే, చాలాసార్లు వినపడే మాట ఒకటే: "స్కోప్ పోయింది." విప్పి చూస్తే స్కోప్‌కి ఏమీ అయి ఉండదు. దాని కింద బేస్ (రైఫిల్ మీద బిగించే అడుగు పట్టీ) స్క్రూ వదులై ఉంటుంది, లేదా స్కోప్‌ని పట్టి ఉంచే రింగు ఒకవైపే బిగిసి ఉంటుంది, లేదా స్టాక్‌ని (భుజానికి ఆనే కర్ర లేదా ప్లాస్టిక్ భాగాన్ని) పట్టి ఉంచే స్క్రూ కదులుతూ ఉంటుంది. అందుకే ఇక్కడి జవాబులు ఎక్కువగా కింది నుంచి పైకి వెళ్తాయి. ముందు స్టాక్, తర్వాత బేస్, తర్వాత రింగులు, అన్నిటికంటే చివర స్కోప్. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల పాడైందో తెలియదు.

ఏ పనికైనా ముందు ఒక మాట. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే ముందే మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ తెరవండి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి వేలితోనూ తడిమి చూడండి. వీలైతే బోల్ట్ పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టండి. మందుగుండు ఆ బల్ల మీదే కాదు, ఆ గదిలోనే ఉండకూడదు. "ఖాళీగానే ఉందిలే" అనుకున్న తుపాకీతోనే ప్రమాదాలు జరుగుతాయి.

గుళ్లు ఒకచోట పడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు టార్గెట్ కాగితాన్ని జాగ్రత్తగా చూడండి. అందులోనే సగం జవాబు ఉంటుంది.

గుళ్లు నలువైపులా చెదిరి పడుతుంటే ఏదో వదులుగా ఉంది, లేదా పారలాక్స్ (తల కదిపితే గురి గీతలు టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) సరిచేసి లేదు, లేదా ఆ మందుగుండు ఆ బారెల్‌కి నప్పడం లేదు. గ్రూప్ (కాగితం మీద గుళ్లు పడిన గుంపు) చిన్నగానే వస్తూ, కానీ ఈరోజు ఒకచోట, రేపు ఇంకోచోట పడుతుంటే మౌంట్ జరుగుతోందని అనుమానించాలి. కొన్నిసార్లు ఒకే కాగితం మీద విడివిడిగా రెండు గ్రూపులు కనిపిస్తాయి. అలా వస్తే ఏదో ఒక భాగం రెండు స్థానాల మధ్య అటూ ఇటూ కదులుతోందని దాదాపు ఖాయం. అది బేస్ కావచ్చు, స్కోప్ లోపల రెటికిల్ (గురి గీతలు) ఉన్న గొట్టం కావచ్చు.

తర్వాత చేతితో పరీక్ష. స్కోప్‌ని మెల్లగా పట్టుకుని పైకీ పక్కకీ కదపండి. చేతికి కదలిక తెలిసిందంటే ఇక వెతకక్కర్లేదు. తెలియకపోతే స్టాక్‌నీ యాక్షన్‌నీ (బోల్ట్ కదిలే లోహభాగాన్నీ) కలిపే స్క్రూలు చూడండి. చాలామంది ఈ స్క్రూల జోలికే వెళ్లరు, స్కోప్‌నే తిడతారు. కర్ర స్టాక్ అయితే వాతావరణంలోని తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పోయిన నెలలో సరిగ్గా బిగించిన స్క్రూ ఈ నెలలో వదులు కావచ్చు.

ఆ తర్వాత బేస్. రింగులు, స్కోప్ తీసేస్తే తప్ప చాలా బేస్‌ల స్క్రూలు కనపడవు. బద్ధకించకుండా తీసి చూడాల్సిందే. ఇక్కడ బాగా దాక్కునే లోపం ఒకటుంది. బేస్ ముందు స్క్రూ పొడవు ఎక్కువైతే దాని కొన కింద బారెల్ మరలకి తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, బేస్ మాత్రం గట్టిగా కూర్చోదు. వెనక స్క్రూ పొడవైతే బోల్ట్‌కి రాసుకుంటుంది. ఒక్కో స్క్రూని విడిగా పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది.

స్క్రూలు ఎంత బిగించాలి? చేతి అంచనా చాలదా?

చాలదు. చేతి బలం రోజుకోలా ఉంటుంది, అలెన్ కీ పొడవును బట్టి కూడా మారుతుంది. బిగింపు బలాన్ని (టార్క్‌ని) ఇంచ్ పౌండ్లలో కొలిచే చిన్న టార్క్ రెంచ్ కొనుక్కోండి. స్కోప్ పనిలో దానికంటే ఉపయోగపడే పనిముట్టు నాకు తెలియదు.

రింగు పైమూత స్క్రూలకి చాలా కంపెనీలు చెప్పేది 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. ఇది చేతికి "ఇంతేనా?" అనిపించేంత తక్కువ. బేస్‌ని రిసీవర్‌కి (యాక్షన్ బయటి లోహపు ఒంటికి) బిగించే స్క్రూలకి, సైజును బట్టి, 15 నుంచి 25 దాకా చెప్తారు. రింగుని రైలుకి (గాళ్లున్న బేస్ పట్టీకి) పట్టి ఉంచే పెద్ద నట్టుకి 45 నుంచి 65 వరకూ ఉండొచ్చు. మీ మౌంట్‌తో వచ్చిన కాగితంలో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

రింగులు మితిమీరి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. అల్యూమినియం గొట్టం గోడ పలచన. దాని లోపల రెటికిల్ ఉన్న ఇంకో చిన్న గొట్టం స్వేచ్ఛగా కదలాలి. బయటి గొట్టం నొక్కుకుంటే టరెట్ (గురి సరిచేసే, క్లిక్ క్లిక్‌మని తిరిగే చక్రం) తిప్పినా లోపలిది సరిగా కదలదు, పారలాక్స్ చక్రం బిగుసుకుపోతుంది. "క్లిక్ తిప్పాను, ఏమీ మారలేదు, రెండు షాట్ల తర్వాత ఉన్నట్టుండి జరిగింది" అని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట చూసేది రింగుల బిగింపునే.

బేస్ స్క్రూలకి మధ్యరకం, అంటే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చిన్న చుక్క చాలు. రింగు పైమూత స్క్రూలకి, తయారీదారు ప్రత్యేకంగా చెప్తే తప్ప, ఏమీ వద్దు. మర మీద నూనె గానీ థ్రెడ్‌లాకర్ గానీ తడిగా ఉంటే రాపిడి తగ్గి, అదే టార్క్ అంకెకి స్క్రూ ఇంకా ఎక్కువ బిగిసిపోతుంది. బిగించే ముందు మరల్నీ, రింగు లోపలి భాగాన్నీ, గొట్టాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

అంతా అయ్యాక స్క్రూ తల నుంచి పక్కనున్న లోహం దాకా పెయింట్ పెన్‌తో సన్నని గీత గీయండి. రింగు అంచు దగ్గర గొట్టం మీద కూడా ఒకటి. గీత తెగిందంటే జరిగిందని అర్థం. అనుమానంతో ప్రతిసారీ అన్నీ విప్పి చూసే పని తప్పుతుంది.

ఎలివేషన్ (గురిని పైకీ కిందికీ మార్చే) టరెట్ చివరిదాకా తిప్పేశాను. అయినా గుళ్లు కిందే పడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు టరెట్‌ని ఆ చివర నుంచి వెనక్కి తెచ్చేయండి. చివరి అంచున లోపలి స్ప్రింగ్ పట్టు సరిగా ఉండదు, అక్కడ దొరికిన జీరో (గురీ గుండు పడే చోటూ కలిసిన సర్దుబాటు) నిలవదు. పైగా లోపలి గొట్టం కదిలే చోటు గుండ్రంగా ఉంటుంది కాబట్టి, ఎలివేషన్ ఒక అంచుకి చేరితే విండేజ్‌కి (పక్కలకి జరిపే సర్దుబాటుకి) కూడా చోటు తగ్గిపోతుంది.

ఇప్పుడు రెటికిల్‌ని మధ్యకి తీసుకురావాలి. రెండు పద్ధతులు. మొదటిది లెక్క: టరెట్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరికి, బలవంతం చేయకుండా తిప్పుతూ క్లిక్‌లు లెక్కపెట్టి, సగానికి వెనక్కి రావడం. విండేజ్‌కీ అలాగే చేసి, మళ్లీ ఎలివేషన్‌కి ఇంకోసారి చేస్తే మధ్య దొరుకుతుంది. రెండోది అద్దం, నాకు ఇష్టమైనది. చిన్న చదును అద్దాన్ని ఆబ్జెక్టివ్ (స్కోప్ ముందు లెన్స్) అంచుకి పూర్తిగా ఆనించి, జూమ్ కనిష్ఠానికి తెచ్చి, ఫోకస్ ఇన్ఫినిటీలో పెట్టి ఐపీస్ (కంటి వైపు లెన్స్) నుంచి చూడండి. అసలు రెటికిల్‌తో పాటు దాని ప్రతిబింబం మసకగా కనపడుతుంది. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి పడేదాకా టరెట్లు తిప్పితే రెటికిల్ మధ్యలో ఉన్నట్టే.

మధ్యకి తెచ్చిన స్కోప్‌ని మళ్లీ రైఫిల్ మీద పెట్టి, 25 మీటర్లలో కాల్చి చూడండి. ఇప్పుడు కనిపించే తేడా స్కోప్‌ది కాదు, మౌంట్‌ది. 20 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వాలు ఉన్న బేస్ వాడుతుంటే అది ముందుకీ వెనక్కీ తిరగబడిందేమో చూడండి. వాలు బేస్‌లో ఎత్తు ఎక్కువ ఉన్న వైపు వెనకకి, అంటే మీ కంటి వైపుకి రావాలి. తిప్పి బిగిస్తే గుళ్లు పైకి వెళ్లడానికి బదులు, 100 మీటర్ల దగ్గర మామూలు బేస్‌తో పడే చోటు కంటే సుమారు 58 సెంటీమీటర్లు కిందికి వెళ్తాయి. ఈ ఒక్క పొరపాటు వల్ల మంచి స్కోప్‌ని వెనక్కి పంపేసినవాళ్లని చూశాను.

బేస్ సరిగానే ఉంటే, వెనక రింగు ఎత్తు పెరగాలి. లెక్క సులువే. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుంటే, వెనక భాగం 0.1 మిల్లీమీటర్ పైకి లేస్తే గురి 1 మిల్ మారుతుంది, అంటే 100 మీటర్లలో 10 సెంటీమీటర్లు. గుళ్లు 30 సెంటీమీటర్లు కింద పడుతున్నాయంటే కావాల్సింది 0.3 మిల్లీమీటర్ మాత్రమే. బారెల్ విరిచి లోడ్ చేసే ఎయిర్ రైఫిళ్లలో బారెల్ కొద్దిగా కిందికి వాలి ఉండటం మామూలే. వాటికోసం వాలుతో చేసిన మౌంట్లు విడిగా దొరుకుతాయి. నా మటుకు రేకు ముక్క పెట్టడం కంటే వాలు బేస్ గానీ, కోణం మార్చుకోగలిగే రింగులు గానీ మేలు. రేకు పెట్టాల్సే వస్తే బేస్ కింద పెట్టండి, రింగులోపల కాదు. రింగులో పెడితే గొట్టం వంకరగా నొక్కుకుంటుంది.

తేడా ఎత్తులో కాదు, పక్కకి వస్తోంది. విండేజ్ అయిపోయింది.

బేస్ రెండు ముక్కలైతే ఒకటి పక్కకి ఉండొచ్చు. రింగులు రైలు మీద ఏటవాలుగా కూర్చోవచ్చు. రైలుకి ఒకవైపు మురికి గానీ పెయింట్ గడ్డ గానీ ఉన్నా చాలు. శుభ్రం చేసి, ముందు రింగుని వెనక్కీ వెనక రింగుని ముందుకీ మార్చి చూడండి. తర్వాత ఒక్కో రింగునీ 180 డిగ్రీలు తిప్పి చూడండి. మార్చిన ప్రతిసారీ గ్రూప్ ఎటు జరిగిందో రాసుకోండి. రింగులు మారిస్తే గ్రూప్ కూడా మారితే లోపం రింగుది. ఏం మార్చినా అదే చోట పడుతుంటే రిసీవర్ మీది రంధ్రాలు వరసలో లేవు, లేదా బారెల్ సూటిగా లేదు. ఆ పని మెషీన్ మీద చేయగల గన్‌స్మిత్‌ది. ఇంట్లో డ్రిల్ పట్టుకోవద్దు.

క్రాస్‌హెయిర్ (రెటికిల్‌లోని అడ్డం, నిలువు గీతలు) ఒకవైపుకి వంగినట్టుంది. నిలువుగా ఎలా పెట్టాలి?

కంటిని నమ్మవద్దు. భుజానికి రైఫిల్ ఆనించినప్పుడు మనకి తెలియకుండానే అది కొద్దిగా వాలుతుంది. ఆ వాలుకి కన్ను అలవాటు పడి, సరిగ్గా ఉన్న స్కోప్ కూడా వంకరగా కనపడుతుంది.

రైఫిల్‌ని స్టాండ్‌లో గట్టిగా పెట్టి, రైలు మీద చిన్న రసమట్టం ఉంచి రైఫిల్‌ని సమం చేయండి. కొంచెం దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీయండి. మేస్త్రీ గోడ నిలువు చూసుకునే పద్ధతే ఇది. ఆ దారాన్ని స్కోప్‌లో చూస్తూ, నిలువు గీత దానిమీద సరిగ్గా పడేదాకా స్కోప్‌ని రింగుల్లో తిప్పండి. టరెట్ మూత మీద రసమట్టం పెట్టి చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. మూత సమంగా ఉంటే లోపలి రెటికిల్ కూడా సమంగా ఉంటుందన్న నమ్మకం ఏమీ లేదు.

రాత్రి చేసుకునే ఇంకో పద్ధతి ఉంది. గది చీకటి చేసి, ఐపీస్ వైపు నుంచి టార్చ్ వెలిగిస్తే రెటికిల్ నీడ ఎదుటి గోడ మీద పడుతుంది. ఆ గోడ మీదే దారం వేలాడదీస్తే రెండిటినీ పోల్చుకోవచ్చు. ఫోకస్ చక్రం కొద్దిగా తిప్పితే నీడ స్పష్టంగా వస్తుంది.

ఇంత శ్రమ అవసరమా అని అడుగుతారు. ఒకే దూరంలో, టరెట్ ముట్టుకోకుండా కాల్చేవాళ్లకి ఒకటి రెండు డిగ్రీల తేడా పెద్దగా తెలియదు. దూరాన్ని బట్టి ఎలివేషన్ తిప్పేవాళ్లకి తప్పకుండా తెలుస్తుంది. రెటికిల్ 3 డిగ్రీలు వాలి ఉండి, 10 మిల్ పైకి తిప్పితే, గురి అర మిల్ పక్కకి పోతుంది. 100 మీటర్లలోనే అది 5 సెంటీమీటర్లు.

సమం చేసి బిగిస్తుంటే స్కోప్ మళ్లీ తిరిగిపోతోంది.

ఒకవైపు స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత రెండోవైపుకి వెళ్తున్నారు. నాలుగు స్క్రూలనీ వేలితో ఆనేదాకా తిప్పి, అక్కడి నుంచి ఎదురెదురు మూలల క్రమంలో, ఒక్కోదానికి పావు చుట్టు చొప్పున బిగించండి. మూతకీ అడుగు భాగానికీ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉండాలి. సగంలో ఆగి దారాన్ని ఇంకోసారి చూసుకోండి.

స్కోప్‌లో చుట్టూ నల్లటి వలయం, లేదా ఒక అంచున నెలవంకలాంటి నీడ వస్తోంది.

నల్లటి వలయం వస్తే కన్ను ఐపీస్‌కి మరీ దగ్గరో దూరమో ఉంది. నెలవంక నీడ వస్తే కన్ను మధ్యలో లేదు. చాలా స్కోప్‌లకి కంటికీ ఐపీస్‌కీ మధ్య 75 నుంచి 100 మిల్లీమీటర్ల దూరం కావాలి. దీన్ని ఎప్పుడూ గరిష్ఠ జూమ్‌లోనే సరిచూడండి, అక్కడే చూపు సందు ఇరుకు. కళ్లు మూసుకుని, మీరు కాల్చే భంగిమలో చెంపని స్టాక్‌కి ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. దృశ్యం నిండుగా కనిపించేదాకా స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. పడుకుని కాల్చేటప్పుడు తల ముందుకు వస్తుంది కాబట్టి ఆ భంగిమలోనూ చూడాలి. గట్టిగా వెనక్కి తన్నే రైఫిల్ అయితే ఈ దూరంలో రాజీ పడకండి. ఐపీస్ అంచు కనుబొమ మీద కోసిన గాయాలు కళ్లారా చూశాను.

రింగులు మరీ ఎత్తయితే చెంప ఆనదు, తల గాలిలో నిలుస్తుంది. ఆబ్జెక్టివ్ బారెల్‌కి తగలకుండా రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. బోల్ట్ పిడి ఐపీస్‌కి తగలకుండా తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ వెనక్కి జారిపోతోంది. రైఫిల్ అంత గట్టిగా తన్నదు కదా?

తన్నే తీరు వేరు. మందుగుండు రైఫిల్ ఒకే దిక్కుకి, వెనక్కి తంతుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ చివరికి కొట్టుకుని ఆగగానే రైఫిల్ ఒక్కసారిగా ముందుకి లాగబడుతుంది. స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అందుకే మౌంట్ కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది. దీనికి విరుగుడు ఇంకా బిగించడం కాదు. అడుగున స్టాప్ పిన్ ఉన్న ఒకే ముక్క మౌంట్ తీసుకుని, ఆ పిన్‌ని రిసీవర్ మీది రంధ్రంలో దింపండి. ఆ రెండు దిక్కుల కుదుపుని తట్టుకునేలా చేసిన స్కోప్ కూడా కావాలి. పెద్ద క్యాలిబర్ రైఫిల్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్కోప్ కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడైపోవచ్చు.

పికటిన్నీ రైలు (సమాన దూరంలో గాళ్లున్న ప్రామాణిక రైలు) ఉన్న మందుగుండు రైఫిల్‌కి దీనికి వ్యతిరేకం. అక్కడ స్కోప్ ముందుకి జారాలని చూస్తుంది. కాబట్టి మౌంట్‌ని గాడిలో వీలైనంత ముందుకి నెట్టి ఆనించి, అప్పుడు బిగించండి.

నా రింగులు నా రైలుకి సరిపోతాయో లేదో ఎలా తెలుస్తుంది?

గాడి వెడల్పు కొలవండి. పికటిన్నీ గాడి 5.23 మిల్లీమీటర్లు, గాడి మధ్య నుంచి మధ్యకి 10 మిల్లీమీటర్ల దూరం. ఇది 1995లో అమెరికా సైన్యం ఖరారు చేసిన కొలత. వీవర్ అనే ఇంకో రకం రైలు గాడి 4.57 మిల్లీమీటర్లే, దూరాలు కూడా ఒకేలా ఉండవు. అందుకే వీవర్ రింగులు చాలావరకు పికటిన్నీ మీద కూర్చుంటాయి, పికటిన్నీ రింగు అడ్డకమ్మీ మాత్రం వీవర్ గాడిలో దిగదు. ఎయిర్ రైఫిళ్ల మీద ఉండే 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ (పక్కలు ఏటవాలుగా కోసిన పట్టీ) పూర్తిగా వేరు, దానికి వేరే మౌంట్ కావాలి. స్కోప్ గొట్టం వ్యాసం 25.4, 30, 34 మిల్లీమీటర్లలో ఏదో కూడా చూసుకోండి.

స్కోప్ తీస్తే గొట్టం మీద రింగుల గీతలు పడి ఉన్నాయి. రింగుల్ని అరగదీయాలా?

సన్నని మెరుపు గీత కంగారు పడాల్సిన విషయం కాదు. ఒక అంచున మాత్రమే లోతుగా గీత పడితే, రెండు రింగులూ ఒకే వరసలో లేవు. ఉక్కు కడ్డీతో రింగుల లోపలి భాగాన్ని అరగదీసే ల్యాపింగ్ పనికి తొందరపడకండి. తీసిన లోహం మళ్లీ రాదు, పూత కూడా పోతుంది. ముందు బేస్‌ని విప్పి శుభ్రం చేసి సమంగా కూర్చోబెట్టండి. అప్పటికీ గీతలు పడుతుంటే మంచి ఒకే ముక్క మౌంట్‌కి మారడమే మంచిదని నా అభిప్రాయం.

తల కొద్దిగా కదిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద తేలుతోంది.

అది పారలాక్స్. ముందు ఆకాశం వైపు గానీ తెల్లగోడ వైపు గానీ చూస్తూ, ఐపీస్ తిప్పి రెటికిల్ పదునుగా కనిపించేలా పెట్టుకోండి. ఎక్కువసేపు తదేకంగా చూడకండి, కన్ను సర్దుకుపోయి మోసం చేస్తుంది. ఆ తర్వాత పక్క చక్రంతో క్రాస్‌హెయిర్ తేలడం ఆగేదాకా సరిచేయండి. చక్రం మీది అంకెలు సూచన మాత్రమే. చక్రం లేని స్కోప్‌లు చాలావరకు 100 గజాలకో 150 గజాలకో స్థిరంగా పెట్టి వస్తాయి. వాటితో 10 మీటర్లలో కాలిస్తే దృశ్యం మసకబారుతుంది, గురి తేలుతుంది. అది లోపం కాదు, ఆ స్కోప్ ఆ దూరం కోసం చేసింది కాదు.

క్లిక్‌లు చెప్పినంత జరగడం లేదు.

ముందు దూరం లెక్క చూసుకోండి. పావు ఎంఓఏ క్లిక్ 100 మీటర్లలో సుమారు 7.3 మిల్లీమీటర్లు, 25 మీటర్లలో 1.8, 10 మీటర్లలో 0.7 మాత్రమే. 0.1 మిల్ క్లిక్ అయితే వరసగా 10, 2.5, 1 మిల్లీమీటర్. 25 మీటర్లలో సరిచేసేటప్పుడు నాలుగు రెట్లు క్లిక్‌లు కావాలన్నది మరిచిపోయి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

నిజంగా పరీక్షించాలంటే టేప్‌తో కొలిచి సరిగ్గా 100 మీటర్లలో పొడవైన కాగితం కట్టి, దారంతో నిలువు చూసి ఒక గీత గీయండి. కింద ఒక చుక్క పెట్టి, ఎప్పుడూ దాన్నే గురి చూస్తూ ఒక గ్రూప్ కాల్చండి. తర్వాత 10 మిల్ పైకి తిప్పి ఇంకో గ్రూప్. రెండు గ్రూపుల మధ్య ఒక మీటరు ఉండాలి. 97 సెంటీమీటర్లే వస్తే మీ స్కోప్ ఎప్పుడూ 3 శాతం తక్కువ జరుగుతుందని రాసుకుని లెక్కలో కలుపుకోవచ్చు. పై గ్రూప్ గీతకి పక్కగా పడితే రెటికిల్ వాలింది. చివరికి మళ్లీ జీరోకి తిప్పి కాల్చినప్పుడు మొదటి గ్రూప్ మీదే పడాలి. అలా తిరిగి రాకపోతేనే ఆందోళన పడాలి.

చివరికి స్కోప్‌దే తప్పని ఎప్పుడు తేల్చుకోవాలి?

స్టాక్, బేస్, రింగులు సరిచూసి, పెయింట్ గీతలు తెగలేదని చూసుకున్నాక, అంతకుముందు బాగా కాల్చిన మందుగుండే వాడుతూ కూడా గురి నిలవకపోతే, ఇంకో రైఫిల్ మీద బాగా పనిచేస్తున్న స్కోప్‌ని తెచ్చి అదే మౌంట్‌లో పెట్టండి. గ్రూప్ వెంటనే బాగుపడితే మీ స్కోప్ పాడైంది. బాగుపడకపోతే స్కోప్ నిర్దోషి, మళ్లీ కింది నుంచి వెతకాలి. స్కోప్‌ని కంపెనీకి పంపేటప్పుడు విప్పే ప్రయత్నం చేయకండి. లోపలి నైట్రోజన్ పోతుంది, వారంటీ కూడా పోతుంది. కాల్చిన టార్గెట్ కాగితాల మీద తేదీ, దూరం, తిప్పిన క్లిక్‌లు రాసి వాటి ఫొటోలు జతచేయండి. బాగుచేసే వ్యక్తి ఎక్కడ చూడాలో వాటిలోనే తెలుస్తుంది.